తిరుగు చక్రమునకు కావలి

(మేడిపల్లి ప్రాంత గ్రామపంచాయతీ సభ్యుల కొరకు చేయబడిన ప్రసంగ పాఠము)



మేడిపల్లి చుట్టుప్రక్కల గ్రామములలో ఈనాడు తిరుగుచున్న చక్రములను లెక్కించుట కష్టము. పిండిగిర్నీ మొదలు బియ్యపుమిల్లు వరకు, బావి మోటారు మొదలు పసుపు పాలిష్ డ్రమ్ము వరకు, వడ్లు తూర్పారబట్టు ఫ్యాను మొదలు పెండ్లిపందిరి ప్రక్కన నిలిపిన జనరేటరు వరకు ప్రతిదియు తిరుగు యంత్రమే. కోరుట్ల వైపు పోయినను, జగిత్యాల వైపు పోయినను దారిపొడవునా మిల్లులు కనిపించును. దక్షిణమునకు పోయినచో సిరిసిల్ల మరమగ్గముల చప్పుడు వినిపించును. ఇవి మన జనమునకు కూలియు, కూడును ఇచ్చుచున్నవి. వీని ప్రక్కననే మన పిల్లలు పని చేయుచున్నారు.

ఈ యంత్రములన్నిటికిని స్టార్టరు డబ్బా ఉన్నది. అందులో ఓవర్‌లోడ్ రిలే ఉన్నది. కావున యంత్రమునకు రక్షణ ఉన్నదని యజమానులు నిశ్చింతగా ఉందురు. ఆ నిశ్చింతలో సగమునకే ఆధారము కలదు. మిగిలిన సగమును గురించి చెప్పుటకే మేము ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

ఓవర్‌లోడ్ రిలేకు తెలిసిన సంగతి ఒక్కటే: మోటారు ఎంత కరెంటు తీసికొనుచున్నది అనునది. కరెంటు హద్దు మీరినచో అది మోటారును ఆపును. చక్రము తిరుగుచున్నదా, నిలిచిపోయినదా, తిరుగవలసిన వేగముతోనే తిరుగుచున్నదా అను సంగతి దానికి తెలియదు. మిల్లులో వడ్లను పైకి తోడు ఎలివేటరు బెల్టు తెగినదనుకొందము. మోటారు మీద భారము తొలగును, కరెంటు తగ్గును. ఓవర్‌లోడ్ రిలే దృష్టిలో అంతయు సవ్యముగనే ఉన్నది. వెనుక యంత్రము మాత్రము వడ్లను పంపుచునే ఉండును, క్రింద గుంట నిండిపోవుచునే ఉండును. బెల్టు తెగక జారుచున్నచో ఆపద అంతకంటె పెద్దది. పైచక్రము తిరుగుచుండును, దానిమీద బెల్టు కదలకుండును. ఆ రాపిడికి రబ్బరు కాగి పొగలు కమ్మును. అచ్చట గాలిలో ఎప్పుడును ఊకదుమ్ము తేలుచుండును. తరువాత జరుగు సంగతి మిల్లులలో పని చేసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ లోపమును పూరించుటకు పుట్టినవే వేగమును, ఫ్రీక్వెన్సీని కనిపెట్టియుండు రిలేలు.

ముందుగా ఫ్రీక్వెన్సీ అను మాటను విప్పవలెను. మనకు వచ్చు విద్యుత్తు ఒకే దిక్కుగా ప్రవహించునది కాదు. సెకనుకు 50 మారులు ముందునకు వెనుకకు ఊగుచు వచ్చును. ఈ 50 అను అంకె ఎచ్చటినుండి వచ్చినది? రామగుండములోని ఎన్.టి.పి.సి. కేంద్రమున ఆవిరి టర్బైను నిమిషమునకు 3000 చుట్లు, అనగా సెకనుకు 50 చుట్లు తిరుగును. దానికి తగిలించిన జనరేటరునకు రెండు ధ్రువములు. చక్రము ఒక చుట్టు తిరిగినచో విద్యుత్తు ఒక ఊపు ఊగును. పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ ఆనకట్టను ఆనుకొని, కాకతీయ కాలువ మొదటనున్న విద్యుత్కేంద్రములో 4 టర్బైన్లు ఉన్నవి. అన్నిటి సామర్థ్యము కలిసి 36 మెగావాట్లు. నీటిచక్రము ఆవిరిచక్రము కంటె మెల్లగా తిరుగును గనుక దాని జనరేటరునకు పెక్కు ధ్రువములను అమర్చి, అదే 50ని రాబట్టుదురు. ఇట్టి చక్రములన్నియు ఒకే తీగల వలకు కట్టబడి, ఒకే లయలో తిరుగవలెను. ఆ వలనే గ్రిడ్డు అందురు. పొలములలో వెలసిన సోలారు పలకలకు చక్రము లేదు. అయినను వాని ఇన్వర్టర్లు ఈ గ్రిడ్డు లయనే పట్టుకొని నడచును.

కావున ఫ్రీక్వెన్సీ అనగా మన కంటికి కానరాని దూరమున తిరుగుచున్న చక్రముల వేగమే. ఈ ఒక్క మాట మనసున నిలిచినచో మిగిలినదంతయు సులభము.

మన ఊరి మోటారు ఆ దూరపు చక్రమునకు కట్టుబడిన బంటు వంటిది. నాలుగు ధ్రువముల మోటారులో అయస్కాంతక్షేత్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. ఇరుసు దానిని వెంబడించుచు, భారము పడినప్పుడు కొంచెము వెనుకబడి 1440 ప్రాంతమున తిరుగును. మోటారు మీది రేకుపలకపై 1440 అనియో, దానికి దగ్గరి అంకెయో చెక్కబడియుండును. మిల్లునకు పోయినప్పుడు ఒకమారు చూడుడు. ఆ పలక మీద 50 అను అంకెయు ఉండును. ఈ రెండును కలిసియుండుట యాదృచ్ఛికము కాదు.

ఈ 50 అను అంకె ఎల్లకాలము నిలకడగా ఉండలేదు. వాడుక ఉత్పత్తిని మించినప్పుడు, ఎగుడు ఎక్కుచున్న ఎడ్లబండి వలె, కేంద్రములలోని చక్రములు మందగించును. 2003కు పూర్వము దక్షిణ ప్రాంతపు గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ తరచుగా 48.5 కంటె దిగువకు జారుచుండెను. 48కి జారినచో పంపు వేగము నూటికి 4 వంతులు తగ్గును, నీటిని ఎత్తగల ఎత్తు నూటికి 8 వంతుల వరకు తగ్గును. లోతు బావుల రైతులకు ఆ ఎనిమిది వంతులే ప్రాణము. ఆ రోజులలో మోటార్లు కాలిపోవుటకు ప్రధాన కారణము తక్కువ వోల్టేజి. ఫ్రీక్వెన్సీ పడిపోవుట దానికి తోడైనది. 2003 జనవరి 1న దక్షిణ ప్రాంతమున అమలులోనికి వచ్చిన క్రొత్త చార్జీల పద్ధతిలో, ఫ్రీక్వెన్సీ తగ్గియున్న వేళ తమ వాటాకు మించి వాడుకొను రాష్ట్రము ఎక్కువ వెల చెల్లించవలసి వచ్చెను. దానితో పరిస్థితి వేగముగా బాగుపడినది. డబ్బు చేయు పనిని ఉపదేశములు చేయలేవని దీనివలన తెలిసినది.

2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణ గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసినది. అంతకు పదునేడు నెలల ముందు, 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతమున గ్రిడ్డు కుప్పకూలినది. రెండవ దినమున సుమారు 60 కోట్ల మంది నివసించు ప్రాంతములలో విద్యుత్తు పోయినది. దక్షిణ గ్రిడ్డు అప్పటికి ఆ లయలో కలిసియుండలేదు గనుక నిలిచినది. నేడు కలిసియున్నాము. కలిసినందున బలము పెరిగినది, ఒకరి ఆపద మరియొకరికి తగులు అవకాశమును ఏర్పడినది. ఇందుకొరకే సబ్‌స్టేషన్లలో ఫ్రీక్వెన్సీ రిలేలు కాపలా కాయుచున్నవి. గ్రిడ్డు 49.90 నుండి 50.05 లోపల నడువవలెనని నియమము. అది ఏ కారణముచేతనైనను 49.4కు పడినచో కొన్ని ఫీడర్లను రిలేలు వాటంతట అవియే తెంపివేయును. ఇంకను పడినచో 49.2, 49.0, 48.8 వద్ద మరికొన్ని తెగును. కొన్ని ఊళ్లను చీకటిలో ఉంచి దేశమును నిలుపుటయే దాని ఉద్దేశము. ఉన్నట్లుండి ఫీడరు పోయినప్పుడు లైన్‌మన్‌ను తిట్టుటకు ముందు ఈ సంగతియు గుర్తుండవలెనని మా మనవి. చాలమారులు కారణము చెట్టుకొమ్మయే కావచ్చును, అది వేరు సంగతి.

గ్రిడ్డునకు ఇట్టి కాపలా ఉన్నది. మన మిల్లులోని ఎలివేటరునకు మాత్రము కాపలాను మనమే పెట్టుకొనవలెను.

కాపలా ఎట్లుండునో సిరిసిల్ల పోయి వచ్చినవారికి సులభముగా బోధపడును. మరమగ్గము మీద పేక పోగు తెగినచో చిన్న ఫోర్కు దానిని కనిపెట్టి మగ్గమును ఆపును. నేతగాడు నాలుగు మగ్గములను ఒక్కడే చూచుకొనగలుగుట ఆ చిన్న ఇనుపముక్క వలననే. పోగు ఉన్నంతవరకు ఫోర్కు ఊరకుండును, లేనప్పుడు మగ్గము ఆగును. వేగమును కనిపెట్టు రిలే చేయు పనియు అట్టిదే. పోగునకు బదులుగా అది చక్రపు చుట్లను చూచును.

తిరుగు ఇరుసు మీద ఒక బోల్టు తలయో, చిన్న ఇనుపముక్కయో అమర్చుదురు. దానికి కొద్ది మిల్లీమీటర్ల ఎడముతో ప్రాక్సిమిటీ సెన్సరు అను వ్రేలెడంత పరికరమును కదలకుండ బిగింతురు. ఇనుము తన ముందునకు వచ్చిన ప్రతిమారును అది రిలేకు ఒక్క సంకేతము పంపును. రిలే రెండు సంకేతముల నడుమ కాలమును కొలుచును. ఎలివేటరు క్రిందిచక్రము నిమిషమునకు 60 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఒక్క బోల్టు ఉన్నచో సెకనుకు ఒక్క సంకేతము వచ్చును. బెల్టు జారి వేగము నూటికి 80 వంతులకు, అనగా 48 చుట్లకు పడినచో, సంకేతము రాక 1.25 సెకనులకు పెరుగును. ఆ హద్దు దాటగనే రిలే తన కాంటాక్టును తెరచును, స్టార్టరులోని కాయిలుకు విద్యుత్తు తెగును, మోటారు ఆగును. ఇరుసు చుట్టును నాలుగు బోల్టులు సమాన దూరమున అమర్చినచో సంకేతములు పావు సెకనుకు ఒక్కటి చొప్పున వచ్చును గనుక తేడా మరింత త్వరగా తెలియును.

ఇచ్చట ఒక సంగతిని గట్టిగా చెప్పవలసియున్నది. ఎలివేటరులో మోటారు తిప్పునది పైచక్రమును. బెల్టు జారినప్పుడు పైచక్రము యథాప్రకారము తిరుగుచునే ఉండును, మందగించునది క్రిందిచక్రము. కావున సెన్సరును క్రిందిచక్రపు ఇరుసు వద్దనే పెట్టవలెను. తీగలు దగ్గరపడునని, నిచ్చెన అందుబాటులో ఉన్నదని మోటారు ప్రక్కననే సెన్సరును బిగించిన మిల్లులను మేము చూచితిమి. అట్టి కాపలా ఇంటి ముందు కుక్కను కట్టి పెరటి తలుపు తెరచి ఉంచినట్టిది. అటులనే, వెలుతురును చూచి పని చేయు సెన్సర్లు బియ్యపుమిల్లులకు పనికిరావు. రెండు దినములలో వాని కన్ను తవుడు దుమ్ముతో మూసికొనిపోవును. ఇనుమును పసికట్టు సెన్సరునకు దుమ్ముతో పని లేదు.

నూటికి 80 అను అంకెను మేము కల్పించి చెప్పలేదు. 1977 డిసెంబరు 22న అమెరికాలోని లూసియానా రాష్ట్రమున వెస్ట్‌వీగో అను చోట గొప్ప ధాన్యపు గిడ్డంగి ప్రేలిపోయి 36 మంది మరణించిరి. అయిదు దినముల పిమ్మట టెక్సస్ రాష్ట్రపు గాల్వెస్టన్‌లో మరియొక ధాన్యపు గిడ్డంగి ప్రేలినది. ధాన్యపు దుమ్ము గాలిలో తగినంత కలిసియున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలును. ఇట్టి దుర్ఘటనల పిమ్మట ఆ దేశము 1987లో ధాన్యపు యంత్రములకు ప్రత్యేక నియమములు చేసినది. బకెట్ ఎలివేటరు బెల్టు వేగము మామూలు వేగము కంటె నూటికి 20 వంతులకు మించి తగ్గక మునుపే యంత్రము తానై ఆగవలెననునది వానిలో ఒకటి. మన మిల్లులు వాని ముందు చిన్నవి. దుమ్మునకు మాత్రము ఆ భేదము తెలియదు.

వేగము తగ్గుటను గురించి ఇంతవరకు చెప్పితిమి. వేగము పెరుగుట మరియొక రకపు ఆపద.

చక్రము అంచున లోహమును బయటికి లాగు బలము వేగమునకు వర్గముగా పెరుగును. వేగము నూటికి 10 పెరిగినచో ఆ బలము నూటికి 21 పెరుగును. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగును. అందుచేతనే సానరాయి ఒక్కొక్కప్పుడు ముక్కలై ఎగిరిపోవును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 30వ సెక్షనులో ఇందుకై ఒక నియమమును చేర్చిరి. సానరాయి గదిలో దాని గరిష్ఠ వేగమును తెలుపు ప్రకటనను అంటించవలెననియు, ఫ్లైవీలు, పుల్లీ, తిరుగు బుట్ట మున్నగువాని వేగము క్షేమమైన హద్దును దాటకుండ తగిన ఏర్పాటు చేయవలెననియు దాని సారము. 2015లో మూతబడిన మన ముత్యంపేట చక్కెర కర్మాగారములో పని చేసినవారు ఇంకను ఈ గ్రామములలో ఉన్నారు. పంచదారను తేనెపాకమునుండి వేరుచేయు తిరుగుబుట్టలను గురించి వారినే అడుగుడు. అట్టి బుట్టలు నిమిషమునకు వేయి చుట్లకు పైబడి తిరుగును. వానిని వేగపు కాపలా లేకుండ ఏ చక్కెర కర్మాగారమునను తిప్పరాదు.

ఈ చింత క్రొత్తది కాదు. జేమ్స్ వాట్ 1788లోనే తన ఆవిరియంత్రమునకు రెండు గుండ్లు గల గవర్నరును అమర్చెను. వేగము పెరిగినచో గుండ్లు విచ్చుకొని ఆవిరి ద్వారమును మూయును. నేటి రిలే లెక్కపెట్టి చేయు పనిని ఆనాడు గుండ్లు బరువుతో చేసెను. రామగుండములోని పెద్ద టర్బైన్లకు గవర్నరుతో పాటుగా వేరొక కాపలాయు ఉన్నది. వేగము 3000 దాటి సుమారు నూటికి 10 వంతులు పెరిగినచో ఆవిరి మొత్తము మూసివేయబడును.

మన ఊళ్లలో వేగము పెరుగు ప్రమాదము ముఖ్యముగా ట్రాక్టరు తిప్పు యంత్రములకు కలదు. గ్రిడ్డు మీది నాలుగు ధ్రువముల మోటారు ఎంత కోరినను 1500 దాటి తిరుగలేదు. ట్రాక్టరు ఆక్సిలరేటరు మాత్రము మనిషి కాలిక్రింద, చేతిక్రింద ఉన్నది. ట్రాక్టరు వెనుక ఇరుసు నిమిషమునకు 540 చుట్లు తిరుగునట్లు రూపొందింపబడినది. పసుపు పాలిష్ డ్రమ్ము తిరుగవలసిన వేగము నిమిషమునకు సుమారు 30 చుట్లు మాత్రమే. పని త్వరగా ముగియవలెనని వేగము పెంచినచో కొమ్ములు డ్రమ్ము గోడకు అంటుకొని తిరుగునే కాని ఒకదానితో ఒకటి ఒరయవు. పాలిష్ చెడును, బేరింగులు చెడును, తలుపు గొళ్లెము ఊడినచో ప్రక్కనున్న కూలివారికి దెబ్బ తగులును. డ్రమ్ము మీద సుద్దతో ఒక గీత గీచి, గడియారము చూచి నిమిషమునకు ఎన్నిమారులు ఎదుటికి వచ్చుచున్నదో లెక్కించిన చాలును. దీనికి రిలే కొననక్కరలేదు. ఏ యంత్రమునకు రిలే కావలెనో, దేనికి సుద్దముక్క చాలునో తెలిసికొనుటయు పొదుపే.

ట్రాక్టరు జనరేటరు సంగతి వేరు. పందిళ్లకు, జాతరలకు, కరెంటు లేని వేళ మంచినీటి పంపునకు దీనిని వాడుచున్నాము. జనరేటరులో వోల్టేజిని సరిచేయు పరికరమున్నది గనుక వేగము తగ్గినను వోల్టేజి మీటరు 415 చూపుచునే ఉండవచ్చును. చూచువాడు బాగున్నదనుకొనును. ఫ్రీక్వెన్సీ మాత్రము 45కు పడియుండును. అట్టి వేళ మోటారు ఇనుములో అయస్కాంతబలము నూటికి 11 వంతులు అధికమగును. ఇనుము ఆ అధిక బలమును మోయలేక, కరెంటు పెరిగి, చుట్టలు కాగును. ఫ్రీక్వెన్సీ 55కు పెరిగినచో మోటారు వేగము నూటికి 10 పెరుగును, పంపు అడుగు శక్తి నూటికి 33 పెరుగును. ఏలయన ఆ శక్తి వేగమునకు ఘనముగా పెరుగును. ఈ రెండును వోల్టేజి మీటరునకు అందని రోగములు. జనరేటరు వద్ద ఫ్రీక్వెన్సీ రిలేను ఒకటి పెట్టి, ఉదాహరణకు 47కు తగ్గినను, 53కు మించినను భారమును తెంపునట్లు అమర్చినచో మోటారు బ్రదుకును. ఈ అంకెలు ఆయా యంత్రములను బట్టి మారును. జనరేటరు చేసినవారి పుస్తకమును చూచి ఎలక్ట్రీషియను నిర్ణయింపవలెను. వి.ఎఫ్.డి. అను పరికరముతో నడచు మోటారునకు ఫ్రీక్వెన్సీని మనమే కోరి మార్చుచుందుము గనుక దాని మోటారు వైపున ఇట్టి రిలే పెట్టరాదు.

ఇక పంచాయతీలకు అన్నిటికంటె దగ్గరి యంత్రము మంచినీటి బోరు మోటారు. అది కాలినచో ఊరంతయు మన ఇంటిముందు నిలుచును. దానికి ఈ వేగపు రిలే అక్కరకు వచ్చునా అని మీరు అడుగుదురు. సూటిగా చెప్పవలెనన్నచో, రాదు. బోరు మోటారు నీటి అడుగున వందల అడుగుల లోతున ఉండును. అచ్చట ఇరుసు ముందు సెన్సరు బిగించుటకు వీలు లేదు. దానికి ఫేజు పోయినను, ఫేజుల వరుస తారుమారైనను, నీరు లేక ఒట్టిగా తిరిగినను పట్టుకొను రిలేలు వేరుగా ఉన్నవి. అవియే కావలెను. అన్ని రోగములకు ఒకే మందు అమ్ముటకు వచ్చు వర్తకులు ఉందురు గనుక ఈ సంగతిని ముందుగనే చెప్పుచున్నాము.

అయినను వేగమునకు సంబంధించిన ఒక ప్రమాదము బోరునకును కలదు. కరెంటు పోయినప్పుడు పైపులోని నీటిస్తంభము క్రిందికి జారును. వెనుకకు పోనీయని వాల్వు లేకున్నచో, లేదా అది అరిగియున్నచో, ఆ నీరు పంపును వెనుకకు తిప్పును. సరిగా అదే క్షణమున కరెంటు తిరిగి వచ్చి, ఆటో స్టార్టరు మోటారును ముందునకు లాగినచో ఇరుసు మెలిపడి విరుగును. ఆటో స్టార్టర్ల సంగతి మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 2017 జూలైలో పూర్వపు కరీంనగర్, మెదక్, నల్లగొండ జిల్లాలలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరాను పరీక్షించినప్పుడును, 2018 జనవరి 1న రాష్ట్రమంతట దానిని ఆరంభించినప్పుడును ఆటో స్టార్టర్లను తీసివేయుమని రైతులను కోరిరి. భూగర్భజలము అడుగంటుననునది అందుకు ముఖ్య కారణము. ఇంకొక కారణమును ఉన్నది. మోటారు కదలు క్షణమున మామూలు కరెంటునకు ఆరు రెట్ల వరకు లాగును. ఒక ఫీడరు మీది మోటార్లన్నియు ఒకేమారు కదలినచో ట్రాన్స్‌ఫార్మరు మూలుగును, వోల్టేజి క్రుంగును, ఏ మోటారును పూర్తి వేగమును అందుకొనలేదు. పంచాయతీ మోటారునకు వాల్వును సరిచూచుట, తిరిగి మొదలుపెట్టుటకు ముందు కొన్ని నిమిషముల ఆలస్యము ఉంచు టైమరు పెట్టుట, ఈ రెండును చాలును.

పెద్ద పంపులలో ఇదే సంగతి ఎంత భారీగా ఉండునో చూడవలెనన్నచో దూరము పోనక్కరలేదు. శ్రీరామసాగర్ పునరుజ్జీవ పథకము క్రింద మన జిల్లాలోని రాంపూర్, రాజేశ్వరరావుపేటల వద్ద వరదకాలువ నీటిని వెనుకకు ఎక్కించు పంపుహౌసులు నిర్మింపబడినవి. రామడుగు మండలము లక్ష్మీపూర్ వద్ద భూమి అడుగున నిర్మించిన గాయత్రి పంపుహౌసులో ఒక్కొక్క పంపు 139 మెగావాట్లది. అంత బరువు తిరుగుచుండగా విద్యుత్తు పోయినచో నీరు వెనుకకు మరలి చక్రమును టర్బైను వలె తిప్పజూచును. ఇట్టి యంత్రముల వద్ద వేగమును క్షణక్షణము కొలుచుచు, చక్రము పూర్తిగా నిలిచినదని తేలిన పిమ్మటనే తిరిగి మొదలుపెట్టనీయు ఏర్పాటు తప్పనిసరి. ఊరి బోరునకు టైమరు చేయునట్టి పనినే అచ్చట వేగపు రిలేలు చేయును.

ఇప్పుడు అసలైన కష్టమునకు వచ్చుచున్నాము. రిలే కొనుట కష్టము కాదు. సెన్సరుతో కూడ కొద్ది వేల రూపాయలలో వచ్చును. కాలిన మోటారుకు చుట్టలు చుట్టించు ఖర్చుతోను, ఆగిన మిల్లు నష్టముతోను పోల్చినచో అది పెద్ద మొత్తము కాదు. కష్టమంతయు దానిని పని చేయనిచ్చుటలో ఉన్నది. ఒక మిల్లులో మేము రిలే పెట్టె తెరచి చూడగా, దాని కాంటాక్టు రెండు కొనలను చిన్న తీగముక్కతో కలిపియుంచిరి. రిలే దీపము వెలుగుచుండెను; అది ఆపుమన్నను యంత్రము ఆగదు. ఎందుకట్లు చేసితిరని అడుగగా, సీజనులో మాటిమాటికి ఆపుచున్నదని ఆపరేటరు చెప్పెను. వడ్ల లారీలు వరుసగా నిలిచియుండగా యజమాని కేకలు వేయుచుండును. ఆ పిల్లవాని నేరము అందులో ఎంత? రిలే మాటిమాటికి ఆపుచున్నదనగా బెల్టు మాటిమాటికి జారుచున్నదని అర్థము. బెల్టు బిగించుటకు అరపూట పట్టును, తీగముక్కకు అర నిమిషము చాలును.

ఒక్కొక్కప్పుడు ఊరకే ఆపుటయు నిజమే. యంత్రము మొదలైన క్షణమున వేగము సున్న గనుక రిలే దానిని తప్పుగా గ్రహింపకుండ కొన్ని సెకనుల విరామము పెట్టుదురు. ఆ విరామము తక్కువైనచో యంత్రము వేగమందుకొనక మునుపే ఆగిపోవును. మిక్కిలి ఎక్కువైనచో ఇరుక్కున్న బెల్టు అంతసేపును రాచుకొనును. ఎలివేటరు పూర్తి వేగము అందుకొనుటకు పట్టు కాలమును గడియారముతో చూచి, దానికి రెండు మూడు సెకనులు కలిపి పెట్టినచో సరిపోవును. సెన్సరు బిగింపు వదులై ఎడము పెరిగినను సంకేతములు తప్పిపోవును. ఈ రెండింటిని సరిచేసిన తరువాతను రిలే ఆపుచున్నచో తప్పు యంత్రములోనే ఉన్నది.

తీగలను కలుపు పద్ధతియు ముఖ్యమే. యంత్రము సవ్యముగా తిరుగుచున్నంతసేపు రిలే కాంటాక్టు మూసియుండి, లోపము కలిగినప్పుడు తెరచుకొనునట్లు కలుపవలెను. అట్లయినచో ఎలుక తీగ కొరికినను, సెన్సరు చెడినను యంత్రము ఆగును. తిరుగవేసి కలిపినచో కాపలా చచ్చిపోయిన సంగతి ఎవరికిని తెలియదు. ఆగిన యంత్రము తానై తిరిగి మొదలు కారాదు. మనిషి వచ్చి, కారణము చూచి, బొత్తాము నొక్కిన పిమ్మటనే కదలవలెను. బెల్టు సవరించుచున్న మనిషి చేయి లోపలనుండగా చక్రము తిరుగుట కంటె ఘోరము లేదు. అటులనే ఎలివేటరు ఆగినప్పుడు దానికి వడ్లు పంపు వెనుక యంత్రమును దానితోపాటే ఆగవలెను. లేనిచో క్రిందిగుంట పూడిపోయి, తవ్వి తీయుటకు ఒక దినము పట్టును.

మిల్లు పెట్టుటకో, క్రొత్త యంత్రము నిలుపుటకో దరఖాస్తు మీ ముందునకు వచ్చినప్పుడు ఎన్ని హెచ్.పి. అని మాత్రమే అడుగుట వాడుక. ఎలివేటర్లు ఎన్ని, వాని క్రిందిచక్రములకు వేగపు కాపలా ఉన్నదా, జనరేటరుకు ఫ్రీక్వెన్సీ రిలే ఉన్నదా, బెల్టులకు పుల్లీలకు జాలీ కట్టిరా అనియు అడుగుడు. ఇప్పటికే నడచుచున్న మిల్లులో రిలే ఉన్నదని చెప్పినచో నమ్మి వెనుదిరుగనక్కరలేదు. దానిని పరీక్షించుటకు ఇంజనీరు రానవసరము లేదు. సీజను మొదలు కాకమునుపు, ఎలివేటరు ఖాళీగా తిరుగుచున్నప్పుడు, ఇరుసులకు దూరముగా నిలిచి, సెన్సరు తీగను రిలే పెట్టె వద్దనుండు కనెక్టరు నుండి ఊడదీయుమని ఎలక్ట్రీషియనుకు చెప్పుడు. ఒకటి రెండు సెకనులలో మోటారు ఆగవలెను. ఆగకున్నచో పెట్టె తెరపించి తీగముక్క కొరకు చూడుడు. ఆగినచో తీగను మరల తగిలించి, బొత్తాము నొక్కకయే యంత్రము కదలుచున్నదేమో ఒక్క నిమిషము వేచి చూడుడు. పరీక్షించిన తేదీని సుద్దతో పెట్టె తలుపు మీద వ్రాయించుడు. మరుసటి నెలలో ఆ దారిన పోవునప్పుడు చూచుటకు పనికివచ్చును.